పెద్ద వయసులో వచ్చిన అమ్మానాన్నలకు మెడికేర్ కొనాలా? ఇంటి పన్ను వాపసు కోసం దస్తావేజులో వారి పేరు చేర్చాలా?

ఎడిసన్ ఆడపడుచు:

అందరికీ నమస్కారం. మాది న్యూజెర్సీలోని ఎడిసన్. నాన్నగారికి 73 ఏళ్లు, అమ్మకు 68. ఇద్దరూ 2021 సెప్టెంబరులో గ్రీన్‌కార్డు మీద వచ్చారు కనుక ఈ సెప్టెంబరుతో ఐదేళ్లు నిండుతాయి. నాన్నగారు గుంటూరు జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశారు. అమెరికాలో ఇద్దరూ ఎన్నడూ ఉద్యోగం చేయలేదు. ఈ ఏడాది లెక్కన, 65 దాటినవారికి ప్రభుత్వమిచ్చే మెడికేర్ బీమాలో ఆసుపత్రి ఖర్చు చూసే పార్ట్ ఏకు 565 డాలర్లు, వైద్యుల ఫీజు వంటివి చూసే పార్ట్ బికి 202 డాలర్ల 90 సెంట్లు చొప్పున ఇద్దరికీ కలిపి నెలకు 1,535 డాలర్ల 80 సెంట్లు కట్టాల్సి వస్తుంది. ఏడాదిలో నాలుగైదు నెలలు గుంటూరులోనే ఉంటారు కాబట్టి ఇంత డబ్బు దండగని మా తమ్ముడు అంటున్నాడు. మా ఇంటి దస్తావేజులో వాళ్ల పేర్లు చేర్చితే వృద్ధులకిచ్చే ఇంటి పన్ను వాపసు వస్తుందని, దానితో పార్ట్ బి ప్రీమియం వరకైనా గడుస్తుందని కూడా వాడి సలహా. ఈ రెండింటి మీదా మా ఇంట్లో నెలరోజులుగా మాట తెగడం లేదు. ఈ దారిలో నడిచినవారు చెబితే వినాలని ఉంది.

పద్దుల మనిషి, పార్సిపనీ:

అమ్మా, రెండు ప్రశ్నలూ ఒకదానికొకటి ముడిపడినట్టు కనిపిస్తున్నాయి గాని, వాటిని విడదీసి చూడడమే మంచిది. పన్ను వాపసు వస్తుందో రాదో తేలకముందే దాన్ని ప్రీమియం లెక్కలో కలుపుకుంటే రెండూ చెడతాయి.

ముందు మెడికేర్ సంగతి. తానో, జీవిత భాగస్వామో 40 త్రైమాసికాలు, అంటే సుమారు పదేళ్లు, ఇక్కడ పనిచేసి పన్ను కట్టి ఉంటేనే పార్ట్ ఏ ఉచితంగా వస్తుంది. మీరు ఇక్కడ కడుతున్న పన్ను మీ ఖాతాకే గాని మీ తల్లిదండ్రుల ఖాతాకు చేరదు. భారతదేశంతో అమెరికాకు సామాజిక భద్రతా ఒప్పందం లేదు కనుక నాన్నగారు అక్కడ చేసిన ఉద్యోగం ఇక్కడ లెక్కకు రాదు. పౌరసత్వం వస్తే ఈ ప్రీమియం పోతుందని చాలామంది నమ్ముతున్నారు, అదీ నిజం కాదు. పౌరసత్వంతో అర్హత వస్తుంది, ఉచితం రాదు.

మీ వాళ్లకు నమోదు గడువు 65వ పుట్టినరోజుతో కాక, ఐదేళ్లు నిండే నెలతో ముడిపడి ఉంటుంది. ఆ నెలకు ముందు మూడు, ఆ నెల, తరువాత మూడు కలిపి ఏడు నెలలు. అంటే మీకు జూన్ నుంచి డిసెంబరు వరకు. ఆ ఐదేళ్ల నివాసం ఎడతెగనిదై ఉండాలి. ఒకేసారి ఆరు నెలలకు మించి గుంటూరులో ఉండిపోయిన సందర్భం ఏదైనా ఉంటే పాస్‌పోర్టులోని ముద్రలు ఇప్పుడే తీసి చూసుకోండి.

గడువు దాటిస్తే ఏమవుతుందో కూడా చూడండి. పార్ట్ బి విషయంలో ఆలస్యమైన ప్రతి పన్నెండు నెలలకూ పది శాతం జరిమానా పడుతుంది, అది జీవితాంతం వదలదు. మూడేళ్లు ఆగి చేరితే, ఈనాటి రేటు ప్రకారమే నెలకు 60 డాలర్ల 87 సెంట్లు అదనం. ప్రీమియం పెరిగినకొద్దీ జరిమానా కూడా పెరుగుతుంది. పార్ట్ ఏ మీద పది శాతమే గాని, ఆలస్యమైన ఏళ్లకు రెట్టింపు కాలం కట్టాలి.

గుంటూరు నుంచి ఫ్రిస్కో:

పద్దుల మనిషి గారు నియమాలు చక్కగా చెప్పారు. నేను మాత్రం తమ్ముడి పక్షమే. మా అమ్మగారి విషయంలో మేము ఆలోచించి మెడికేర్ వద్దనుకున్నాం, అందుకు కారణాలు ఉన్నాయి. ఒరిజినల్ మెడికేర్, అంటే ప్రభుత్వమే నేరుగా నడిపే ఏ, బి, కొన్ని అరుదైన సందర్భాల్లో తప్ప అమెరికా బయట వైద్యానికి పనికిరాదు. గుంటూరులో గడిపే ఐదు నెలలకూ ప్రీమియం మాత్రం కడుతూనే ఉండాలి. మీ నాన్నగారు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పింఛనుదారు కనుక ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు ఉండే ఉంటుంది. మోకాలి మార్పిడి, కంటిపొర, గుండె పరీక్షలు వంటి ముందే తెలిసే వైద్యాలన్నీ అక్కడ చేయించుకోవచ్చు. ఇద్దరికీ కలిపి ప్రీమియం ఏడాదికి 18,429 డాలర్లు దాటుతోంది. ఆ డబ్బు ఐదేళ్లు విడిగా దాచితే తొంభై వేలు దాటుతుంది.

ఇక్కడున్న నెలలకు ఒబామాకేర్ చట్టం కింద ఎవరికి వారు కొనుక్కునే మార్కెట్‌ప్లేస్ పాలసీ చాలు. పార్ట్ ఏకు ప్రీమియం కట్టాల్సిన వారికి, మెడికేర్‌లో చేరనంత కాలం, ఆ పాలసీయే కొనసాగించుకునే వీలును చట్టమే ఇచ్చింది.

పూర్వ నర్సు, పిస్కాటవే:

ఫ్రిస్కో వారి మాటలో ఒక భాగం నిజం, దాన్ని కాదనను. మార్కెట్‌ప్లేస్ కొనసాగించుకోవచ్చు. ఆ పాలసీ ఉన్నంత మాత్రాన పార్ట్ బి జరిమానా గడియారం ఆగదని మాత్రం వారు రాయలేదు. జరిమానా తప్పించేది తానో, జీవిత భాగస్వామో ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం ద్వారా వచ్చే బీమా మాత్రమే. ఉద్యోగం మానేశాక పాత సంస్థ బీమానే సొంత ఖర్చుతో కొనసాగించుకునే కోబ్రా కూడా ఆ లెక్కలోకి రాదు. మా బంధువొకరు 66వ ఏట ఉద్యోగం మానేసి, కోబ్రా ఉందన్న ధైర్యంతో పద్దెనిమిది నెలలు గడిపారు. ఆయనకున్న ప్రత్యేక గడువు ఉద్యోగం ముగిసిన ఎనిమిది నెలలకే అయిపోయింది. తరువాత జనవరి నుంచి మార్చి వరకు తెరిచే సాధారణ నమోదు కోసం ఎదురుచూడవలసి వచ్చింది, జరిమానా కూడా మీద పడింది.

మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ గురించి కూడా చెప్పాలి. అమ్మానాన్నలను పన్ను పత్రాల్లో ఆధారితులుగా చూపితే లెక్కకు వచ్చేది మీ ఇంటి ఆదాయం. 2025 చివరితో హెచ్చు సబ్సిడీలు ముగిశాయి కనుక, పేదరిక రేఖకు నాలుగు రెట్లు దాటిన కుటుంబానికి ఈ ఏడాది ఫెడరల్ సబ్సిడీ ఏమీ రాదు. వయసును బట్టి వేసే రేటులో 64, ఆపైన ఉన్నవారిదే అన్నిటికన్నా ఎక్కువ. ఆ ధర తెప్పించుకుని, ఒక్కొక్కరికి ఏ, బి కలిపి అయ్యే 767 డాలర్ల 90 సెంట్ల పక్కన పెట్టి చూసిన తరువాతే ఏది చౌకో మాట్లాడుకుందాం.

ముందే తెలిసే వైద్యం గుంటూరులో చేయించుకోవచ్చు, సరే. నేను ముప్పై ఏళ్లకు పైగా ఆసుపత్రి అంతస్తుల్లో పనిచేశాను. మన ఇళ్ల పెద్దవాళ్లు మంచం పట్టి వచ్చింది ఎక్కువగా ముందే తెలిసిన జబ్బుతో కాదు. జనవరిలో గడప దగ్గర మంచు మీద జారి తుంటి ఎముక విరిగిన అమ్మమ్మను అదే రాత్రి విమానం ఎక్కించి విజయవాడకు పంపలేం. ఆ తరువాత బిల్లు కూడా ఒకటిగా రాదు. అంబులెన్సుది వేరు, మత్తు ఇచ్చిన వైద్యుడిది వేరు, ఎక్స్‌రే చదివినవారిది వేరు. ఇంటికి వచ్చాక నడక నేర్పే ఫిజియోథెరపీ వారాలకు వారాలు సాగుతుంది. పక్కన పెట్టిన ఆ డబ్బు మొదటి ఏడాదిలో పద్దెనిమిది వేలే గదా, జారిపడడానికి ఐదో ఏడు దాకా వాయిదా ఉండదు.

తుంటి విరిగిన రోజున ఫోను చేసి మెడికేర్‌లో చేరలేరు. అందుకే నేను చేరమనే అంటాను.

గుంటూరు నుంచి ఫ్రిస్కో:

నర్సమ్మగారూ, జరిమానా సంగతి నేను రాయకపోవడం లోటే, ఒప్పుకుంటాను. ఒక మధ్యమార్గం అడుగుతున్నాను. పార్ట్ ఏ లేకుండా పార్ట్ బి ఒక్కటే తీసుకోవచ్చు గదా? ఇద్దరికీ 405 డాలర్ల 80 సెంట్లతో సరిపోతుంది, పార్ట్ బి జరిమానా బెంగ కూడా పోతుంది.

పూర్వ నర్సు, పిస్కాటవే:

తీసుకోవచ్చు. చాలా కుటుంబాలు అలాగే చేస్తున్నాయి గాని, అది ఎంతవరకు కాస్తుందో తెలుసుకుని చేయాలి. పార్ట్ బి వైద్యుల ఫీజు, పరీక్షలు, అంబులెన్సు వంటివి చూస్తుంది. ఆసుపత్రిలో పడక వేసి ఉంచితే అయ్యే ఖర్చు పార్ట్ ఏది. బి ఒక్కటే ఉన్నవారికి ప్రైవేటు కంపెనీలు మెడికేర్ బదులు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ దొరకదు, మెడికేర్ పోను మనం భరించే వాటాను చూసే మెడిగ్యాప్ పాలసీ దొరకదు. మార్కెట్‌ప్లేస్ పాలసీతో జత చేద్దామంటే, మెడికేర్‌లో ఏ భాగమున్నా దాన్ని అమ్మకూడదన్న నియమం ఉంది. చిన్న ఖర్చులకు గొడుగు పట్టి, పెద్ద ఖర్చుకు తల తడవనిచ్చినట్టు అవుతుంది.

ఏ, బి రెండూ తీసుకుంటే, బి మొదలైన ఆరు నెలల్లోపు ఆరోగ్య చరిత్ర అడగకుండా మెడిగ్యాప్ ఇవ్వాలి. నాన్నగారికి చక్కెర వ్యాధి గాని, గుండె జబ్బు గాని ఉంటే ఆ ఆరు నెలల విలువ ఎంతో మీకే అర్థమవుతుంది. ఒరిజినల్ మెడికేర్‌లో మనం భరించే ఇరవై శాతానికి పైపరిమితి లేదు కనుక ఇది అనవసరపు ఖర్చు కాదు.

మన్రో నివాసి:

దస్తావేజు ప్రశ్నను అందరూ వదిలేశారు. మా ఇంటి దస్తావేజులో మామయ్యగారు, అత్తయ్యగారి పేర్లు ఉన్నాయి, అందులో తప్పేమీ లేదు. హైదరాబాదులోని స్థలం అమ్మిన డబ్బు ఈ ఇంట్లో పెట్టారు. వాళ్ల పేరు ఉండడం న్యాయం. న్యూజెర్సీలో సగటు ఇంటి పన్ను ఏడాదికి పదివేల డాలర్లు దాటింది, 65 నిండినవారికి రాష్ట్రం ఇస్తానన్నది అడిగితే సిగ్గెందుకు?

పద్దుల మనిషి, పార్సిపనీ:

మీరు అడగాలి, తప్పకుండా అడగాలి. అర్హత ఉండీ దరఖాస్తు పెట్టని మన పెద్దవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. రాష్ట్రపు ఇంటి పన్ను ఉపశమన పథకాలైన యాంకర్, సీనియర్ ఫ్రీజ్, స్టే ఎన్‌జే మూడింటికీ 65 దాటినవారు ఇప్పుడు పాస్-1 అనే ఒక్క దరఖాస్తు పెడితే చాలు. స్టే ఎన్‌జే ఇంటి పన్నులో సగం వరకు తిరిగి ఇస్తుంది, 2024 పన్నుకు గరిష్ఠం 6,500 డాలర్లు. మిగతా రెండింటి కింద వచ్చినదాన్ని అందులోంచి మినహాయిస్తారు. ఉదాహరణకు ఆ 2024 పన్ను 12,000 అయితే సగం 6,000. లక్షన్నర లోపు ఆదాయం గల వృద్ధ యజమానికి యాంకర్ 1,750 ఇస్తే, సీనియర్ ఫ్రీజ్ లేనప్పుడు స్టే ఎన్‌జే కింద వచ్చేది 4,250. ఆదాయం చూపేటప్పుడు భారతదేశపు పింఛను, అద్దె కూడా చూపాలి.

మీ మామయ్యగారి సంగతి వేరు, ఎడిసన్ అమ్మాయి సంగతి వేరు. మీ ఇంట్లో వారి డబ్బు ఉంది, వాటా నిజమైనది. అక్కడ వాపసు కోసమే పేరు చేర్చే ఆలోచన. భార్యాభర్తలు కాని సహయజమానులు ఉన్నప్పుడు వాపసు వాటా మేరకే వస్తుంది. అమ్మానాన్నలకు సగం రాస్తే పై లెక్కలో వచ్చేది ఇంచుమించు మూడు వేలు. ఇల్లు ఏడాది పొడుగునా వారి సొంతమై, వారి ముఖ్య నివాసమై ఉండాలి గనుక మొదటి ఏడాది స్టే ఎన్‌జే ఆశే లేదు.

ఆ మూడు వేల కోసం సగం ఇల్లు రాసిస్తే ఏమవుతుందో చూడండి. ఒక్కొక్కరికి ఏడాదికి 19,000 డాలర్లు దాటిన బహుమతికి ఫారం 709 అనే బహుమతి పన్ను పత్రం దాఖలు చేయాలి. ఇంటి రుణం ఇచ్చిన బ్యాంకు ఒప్పందంలో యాజమాన్యం మారితే ఏమనుందో చదవాలి. పెద్దవాళ్లు మున్ముందు, తక్కువ ఆదాయం, ఆస్తి ఉన్నవారికి ప్రభుత్వమిచ్చే మెడికెయిడ్ మీద నర్సింగ్ హోమ్‌లో ఉండవలసి వస్తే వారి వాటా కూడా ఆస్తిగా పరిశీలనకు వస్తుంది. ఐదేళ్ల లోపు ఆ వాటా మీ పేరుకు తిరిగి రాయించుకుంటే అదీ ప్రశ్న అవుతుంది. రెండో సంతానం ఉన్న ఇంట్లో తల్లిదండ్రుల వాటా రేపు ఎవరిదన్నది ఇంకో తగవు. నా మట్టుకు నేను వద్దనే చెబుతాను.

వారు విడిగా అపార్టుమెంటులో అద్దెకు ఉండి, ఒప్పందం వారి పేరిటే ఉంటే, లక్షన్నర లోపు ఆదాయంతో యాంకర్ కింద 700 డాలర్లకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది వారి సొంత హక్కు.

ఎడిసన్ ఆడపడుచు:

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చ అంతా నాన్నగారికి చదివి వినిపించాను. పన్ను వాపసు కోసం కూతురి ఇంట్లో వాటా రాయించుకోవడం తనకు ఇష్టం లేదని ఆయనే తేల్చేశారు, కనుక ఆ ప్రశ్న మా ఇంట్లో ముగిసింది. మెడికేర్ మాత్రం ఏ, బి రెండూ తీసుకుందామని నేను, ఖర్చు మా అక్కాతమ్ముళ్లిద్దరం సగం సగం పెట్టుకుందామంటే సరేనని తమ్ముడు అన్నాం. అమ్మకు ఇంగ్లీషు రాదు, నాన్నగారికి ఫోనులో వాళ్ల ఉచ్చారణ అందదు. నమోదు ఎక్కడ, ఎలా?

పూర్వ నర్సు, పిస్కాటవే:

నమోదు సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలో జరుగుతుంది. 1-800-772-1213కు ఫోను చేసి జూన్ మొదటి వారానికి సమయం అడగండి. అప్పుడే తెలుగు దుబాసీ కావాలని చెప్పండి, వారే ఉచితంగా ఏర్పాటు చేస్తారు. మీరు పక్కన కూర్చున్నా సరే, ప్రశ్నలు మాత్రం అమ్మను, నాన్నగారిని నేరుగా అడగనివ్వండి. గ్రీన్‌కార్డులు, పాస్‌పోర్టులు, పెళ్లినాటి ధ్రువపత్రం, ఐదేళ్ల రాకపోకల తేదీలు ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్లండి. అంతకంటే ముందు మీ కౌంటీలో మెడికేర్ సలహా కోసం ఉన్న షిప్ అనే ప్రభుత్వ పథకపు సలహాదారును ఒకసారి కలవండి, వారు ఏ కంపెనీ పాలసీ అమ్మరు, డబ్బు తీసుకోరు. మెడిగ్యాప్, మందుల పార్ట్ డి రెండూ అక్కడే అడగండి. పార్ట్ డికి కూడా ఆలస్య జరిమానా నెలనెలా పేరుకుంటుంది కనుక, ఇప్పుడు మందులేమీ వాడడం లేదు గదా అని దాన్ని వదిలేయకండి.