షష్టిపూర్తి నాటికి అప్పుల్లేకుండా ఉండాలంటే పొలం అమ్మాల్సిందేనా?

వేదాయపాళెం వాసి

నాకు ఈ మధ్యే 55 నిండాయి. షష్టిపూర్తి నాటికి ఇంట్లో ఒక్క రూపాయి అప్పు ఉండకూడదని నేనూ మా ఆవిడా గట్టిగా అనుకున్నాం. ఎట్టా తీర్చాలన్న దగ్గరే ఇద్దరికీ కుదరడం లేదు.

అప్పులు రెండు. నెల్లూరులో ఇంటికోసం 2018లో 20 ఏళ్లకు తీసుకున్న లోన్‌లో ఇంకా 16 లక్షలు ఉంది. వడ్డీ 8.25 శాతం, ఈఎంఐ 20,000. మధ్యలో కొంత అసలు కట్టినా, ఈ లెక్కన నాకు 64 దాటితే గానీ తీరదు. రెండోది అమ్మాయి పెళ్లికి తెలిసినాయన దగ్గర ప్రోనోటు మీద తెచ్చిన 5 లక్షలు, రెండు రూపాయల వడ్డీ. నెలనెలా 10,000 వడ్డీ ఇస్తున్నాం, అసలు అట్టానే ఉంది.

ఆస్తంటే పొదిలి దగ్గర పంపకాల్లో వచ్చిన రెండెకరాల మెట్ట. కౌలుకిచ్చాం, ఎకరాకు ఏడాదికి 15,000 వస్తోంది. ఎకరం 10 లక్షల లెక్కన అడుగుతున్నారు. మొత్తం అమ్మేసి అప్పు వదిలించుకుందామంటుంది ఆవిడ. నాన్న సంపాదించిన భూమి అమ్మితే మళ్లీ కొనగలవా అంటాడు మా అన్న. నాది ప్రైవేటు ఉద్యోగం, 60కి దిగిపోవాలి. మీరైతే ఏం చేస్తారు?

పొదిలి రైతుబిడ్డ

అన్నా, అమ్మొద్దు. మా వైపు మెట్ట భూమిని పదేళ్ల కిందట పట్టించుకున్నోడు లేడు. ఇప్పుడు నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా వస్తోంది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు కూడా పారితే ఈ ధర ధరే కాదు. ఇంటి అప్పు నెలనెలా జీతంలోంచి పోతూనే ఉంటుంది గదా, దానికోసం భూమి పోగొట్టుకోవడం ఎందుకు? అవసరంలో ఉన్నాడని తెలిస్తే కొనేవాడు ధర ఎట్టా దించుతాడో చూస్తూనే ఉన్నాం. 2015లో వేలం కేంద్రాల్లో పొగాకు ధర పడిపోయినప్పుడు మా ఊళ్లో అప్పులకు తాళలేక అమ్ముకున్నోళ్లు ఇప్పుడు అదే చేలో కౌలుకు చేస్తున్నారు.

కందుకూరు కోడలు

మీరు చెప్పిన ఆ 2015 సంవత్సరం నాకు బాగా తెలుసు, అన్నయ్యా. మా నాన్నది కొండపి దగ్గర. పొగాకు కాల్చే బ్యారన్ మీద పెట్టిన పెట్టుబడంతా నోట్ల మీద తెచ్చిందే. ఆయన పోయిన తర్వాత పెద్దకర్మ నాడు భోజనాలు మొదలుకాకముందే ముగ్గురు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఒకాయన జేబులోంచి నోటు తీసి మా తమ్ముడి చేతికిచ్చి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం మీ నాన్నదేనా చూసుకోమన్నాడు. వెనక చెల్లు రాసిన చోట నాన్న చెయ్యి వణికినట్టు అక్షరాలు పక్కకు వాలిపోయి ఉన్నాయి. ఎవరికెంత ఇవ్వాలో అమ్మకు అప్పటిదాకా తెలియదు. నాన్న కూడా రైలు వస్తుంది, నీళ్లు వస్తాయి, అప్పుడు ఒక్క ఎకరం అమ్మితే అన్నీ తీరతాయి అనేవారు. వెలిగొండకు శంకుస్థాపన జరిగింది 1996లో. వచ్చేదాని మీద ఆశ పెట్టుకుని వడ్డీ కట్టుకుంటూ పోయారు.

అందుకే నేను వదినగారి పక్షమే. రెండెకరాలకు 20 లక్షలు వస్తే నోటు తీరుతుంది, ఇంటి మీద 15 లక్షలు పోతుంది, మిగిలిన లక్ష సర్దుకోవచ్చు. ఆ మరుసటి నెల నుంచి ఇప్పుడు వడ్డీకీ ఈఎంఐకీ పోతున్న 30,000 మీ చేతిలో మిగులుతుంది. పోస్టాఫీసు ఆర్‌డీలో 6.7 శాతం వడ్డీకి ఐదేళ్లు వేసినా అరవై నిండేసరికి 21 లక్షల పైన. ఎకరాకు 15,000 కౌలంటే 10 లక్షల మీద ఒకటిన్నర శాతం. ఒకటిన్నర తెచ్చే పొలాన్ని ఉంచుకోవడానికి నూటికి ఏడాదికి 24 రూపాయలు కడుతున్నారు మీరు!

పొదిలి రైతుబిడ్డ

చెల్లీ, మీ ఇంట్లో జరిగింది చదివితే బాధేసింది. మా ఇళ్లల్లోనూ అట్టాంటివి ఉన్నాయి. అయినా ఒక మాట. ఈఎంఐ ఆగిన నెల నుంచి ఆ 30,000 తప్పకుండా ఆర్‌డీలో పడుతుందని ఎట్టా అనుకోగలం? అల్లుడొస్తాడు, పురుడొస్తుంది, బండి పాడవుతుంది. బ్యాంకు కోత కాబట్టి కడుతున్నాం, మనంతట మనమే వేయాలంటే ఎంతమందిమి వేస్తాం? అప్పుడు పొలమూ ఉండదు, డబ్బూ ఉండదు.

చీమకుర్తి లెక్కలు

మొత్తం అమ్మాలి, అసలు అమ్మకూడదు అని రెండు వైపులా పట్టుపట్టారు గానీ, రెండు అప్పుల్నీ ఒకే గాటన కట్టడమే తప్పని నా అభిప్రాయం. ఆయన అరవై లోపు గట్టెక్కకుండా అడ్డం పడుతున్నది ఇల్లు కాదు, నోటు. 16 లక్షల ఇంటి అప్పుకు ఈ నెల పడే వడ్డీ 11,000. 5 లక్షల నోటుకు 10,000. మూడో వంతు కూడా లేని అప్పుకు దాదాపు అంతే వడ్డీ పోతోంది!

అర ఎకరం అమ్మండి చాలు. 5 లక్షలతో నోటు తీరిపోతుంది. ఆ నెల నుంచి నోటు వడ్డీకి పోయే 10,000 ఇంటి లోన్‌కే అదనంగా కట్టండి. నెలకు 30,000 లెక్కన 60 నెలలు కడితే మిగిలేది రెండు లక్షల లోపే. అది మీ గ్రాట్యుటీలోంచి పోతుంది. పొలం ఎకరంన్నర అట్టానే ఉంటుంది. నెలనెలా ఇప్పుడు ఇస్తున్న దానికన్నా ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వక్కర్లేదు.

పొలం వద్దు, పీఎఫ్ తీసి కడదాం అని మాత్రం అనుకోకండి. పీఎఫ్‌కు 2024–25లో ఇచ్చిన వడ్డీ 8.25 శాతం, మీ ఇంటి అప్పుకు కడుతున్నదీ అంతే. ఈ చేత్తో తీసి ఆ చేత్తో ఇవ్వడానికి అరవై తర్వాత ఉండే ఒకే ఒక్క ఆసరాను కదిలించడం ఎందుకు?

రిటైర్డ్ క్యాషియర్, ఒంగోలు

పై లెక్క సరిపోయింది, నేనూ వేసి చూశాను. బ్యాంకు వైపు నుంచి మీరు చేసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి చెప్తాను.

2018లో తీసుకున్న లోన్ అంటే అది ఎంసీఎల్‌ఆర్ (బ్యాంకు తన ఖర్చును బట్టి తానే వేసుకునే రేటు) మీద ఉండి ఉంటుంది. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ (మారే వడ్డీ) ఇంటి లోన్లు రెపో (బ్యాంకులకు ఆర్‌బీఐ అప్పిచ్చే రేటు) లాంటి బయటి రేటుకు ముడిపడ్డాయి, పాతవి అడిగితేనే మారతాయి. రెపో 2023 ఫిబ్రవరిలో 6.5 దాకా పెరిగి, 2025లో నాలుగు విడతలుగా తగ్గి డిసెంబరుకు 5.25కు వచ్చింది. ఇంత తగ్గినా మీకు 8.25 పడుతోందంటే ఒకసారి బ్రాంచికి వెళ్లి రెపో రేటుకు మార్చమని కాగితం ఇవ్వండి. మార్చడానికి కొంత ఫీజు ఉంటుంది. ముప్పావు శాతం తగ్గినా మొదటి ఏడాదే పదివేలకు పైగా మిగులుతుంది.

ఫ్లోటింగ్ వడ్డీ మీద సొంతింటికి తీసుకున్న లోన్‌కు ముందుగా కట్టినందుకు జరిమానా వేయకూడదు. అదనంగా కట్టేటప్పుడు 'ఈఎంఐ తగ్గించొద్దు, గడువు తగ్గించండి' అని రాతపూర్వకంగా ఇవ్వండి. ఈఎంఐ తగ్గితే ఆ నెల హాయిగా ఉంటుంది గానీ మీ అరవై లెక్క తప్పుతుంది.

కౌంటరు దగ్గర ఎక్కువగా చూసింది ఇంకొకటుంది. లోన్ తీరిపోయాక చాలామంది మిఠాయి ఇచ్చి వెళ్లిపోయేవారు, దస్తావేజుల కోసం రెండేళ్ల తర్వాత వచ్చేవారు. అట్టా చేయొద్దు. 2023 డిసెంబరు 1 నుంచి ఆర్‌బీఐ నిబంధన ఏందంటే, అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు కాగితాలు తిరిగి ఇవ్వాలి. తప్పు బ్యాంకుదైతే ఆలస్యమైన రోజుకు 5,000 చొప్పున మీకు ఇవ్వాలి. దస్తావేజులు బ్యాంకులో తనఖా పెట్టినట్టు డిపాజిట్ డీడ్ రిజిస్టరు చేసి ఉంటే దాన్ని రద్దు చేయించి, ఈసీ (ఆస్తి మీద ఉన్న తనఖాలు, లావాదేవీలు చూపే కాగితం) తీసి చూసుకోండి. ఈసీలో తనఖా కనిపిస్తున్నంత కాలం ఇల్లు పూర్తిగా మీదైనట్టు కాదు.

నోటు తీర్చినప్పుడు కూడా డబ్బిచ్చి నోటు తర్వాత తీసుకుంటాలే అనొద్దు. అదే చోట నోటు వెనక పూర్తి చెల్లు రాయించి, సంతకం పెట్టించి చేతిలోకి తీసుకోండి. మూడేళ్లు కావస్తుందని తిరగరాసి ఉంటే పాత నోటూ అడిగి తెచ్చుకోండి.

కందుకూరు కోడలు

లెక్కలన్నగారు చెప్పింది బాగుంది. కానీ అందులో ఐదేళ్లూ ఉద్యోగం ఉంటుందన్న నమ్మకం మీదే అంతా నిలబడి ఉంది. ప్రైవేటు ఉద్యోగంలో 57కే పొమ్మంటే? ఆరోగ్యం తిరగబడితే? పీఎఫ్‌తో పాటు ఉండే ఈపీఎస్ పింఛను 15,000 జీతం పరిమితి మీద లెక్కేస్తారు, 35 ఏళ్ల సర్వీసున్నా 7,500. అందులోంచి 20,000 ఈఎంఐ ఎట్టా కడతారు? అర ఎకరం అమ్మడానికే ఒప్పుకుంటే కనీసం లోన్ తీరేదాకా సరిపడా టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకోండి. అప్పు చిట్టా ఒకటి రాసి వదినగారి చేతికివ్వండి, ఎవరికి ఎంత, నోటు తేదీ, చెల్లు ఎప్పుడు వేశారు అన్నీ. మా అమ్మకు అదే లేకపోయింది.

రిటైర్డ్ క్యాషియర్, ఒంగోలు

అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకొకటి తెలుసుకోండి, చట్ట ప్రకారం తండ్రి అప్పుకు వారసులు తమకు దక్కిన ఆస్తి మేరకే బాధ్యులు. అంతకు మించి సొంత జేబులోంచి కట్టాల్సిన పనిలేదు. ఆ రోజు అరుగు మీద కూర్చున్నవాళ్లకు ఈ మాట చెప్పేవాళ్లు లేకపోయారు.

వేదాయపాళెం వాసి

అందరికీ నమస్కారం. రాత్రి ఇదంతా మా ఆవిడకు చదివి వినిపించాను. కొండపి సంగతి విన్నాక చాలాసేపు మాట్లాడలేదు. చిట్టా ఈ వారమే రాద్దాం అంది. మొత్తం అమ్మాలన్న మాట మీద నుంచి కొంచెం దిగింది, అర ఎకరానికి ఒప్పుకుంది. ఒకవేళ ఉద్యోగం మధ్యలో పోతే మిగతాదీ అమ్మాల్సిందేనని నా దగ్గర మాట తీసుకుంది. నాకూ అదే న్యాయం అనిపించింది. సోమవారం బ్రాంచికి వెళ్తాను.

ఒక్క సందేహం. రెండెకరాలూ ఒకే బిట్టుగా ఉంది. అర ఎకరం విడిగా కొంటారా?

పొదిలి రైతుబిడ్డ

కొంటారన్నా, కానీ మొదట అడిగేది రోడ్డు వైపు అర ఎకరమే. అది ఇచ్చేస్తే మీ ఎకరంన్నరకు దారి ఉండదు, రేపు ఎకరం 10 లక్షలు కాదు గదా 6 లక్షలకూ ఎవరూ అడగరు. రోడ్డు పక్కన పొడుగూతా ఒక అంచు మీకు ఉంచుకుని, లోపలి వైపు అర ఎకరం విడగొట్టండి. కొన్నాయనకు దారి హక్కు దస్తావేజులో రాసివ్వండి. ముందు సర్వే చేయించి సబ్‌డివిజన్ చేయించుకుంటే వన్‌బీ, అడంగల్ భూమి రికార్డుల్లో రెండు బిట్లూ విడిగా ఎక్కుతాయి, రిజిస్ట్రేషన్ నాడు పేచీ ఉండదు. లోపలిది కాబట్టి ధర ఓ యాభై వేలు తగ్గించి అడుగుతారు, తగ్గితే తగ్గనీండి. మునిసిపాలిటీ హద్దుకు దూరంగా ఉన్న వ్యవసాయ భూమైతే అమ్మిన లాభం మీద పన్ను కూడా పడదంటారు, క్యాషియర్ సారే చెప్పాలి. ఈ ఆదివారం నేను ఊళ్లోనే ఉంటా, రాగలిగితే చేలోనే నిలబడి చూద్దాం.