రక్తం ఎక్కించమని రాసే ప్రతిసారీ డాక్టర్ కారణం రాయాలా?

బ్లడ్‌బ్యాంక్ డాక్టర్:
మా ఆస్పత్రిలో వచ్చే నెల నుంచి కొత్త పద్ధతి పెడదామనుకుంటున్నాం. రక్తం కావాలని వార్డు నుంచి పంపే రిక్విజిషన్ ఫారంలో మూడు విషయాలు రాయాలి. ఆ రోజు హిమోగ్లోబిన్ ఎంత? ఆయాసం, గుండె దడ, రక్తస్రావం లాంటి ఇబ్బంది ఏముంది? అడిగినన్ని యూనిట్లు ఎందుకు? ఇవి లేకుంటే రక్తం ఇవ్వం. ప్రాణం మీదికొచ్చిన కేసుకు ఇది వర్తించదు. అక్కడ ముందు రక్తం, తర్వాతే కాగితం.

ఇప్పుడు వస్తున్న ఫారాల్లో కారణం గడిలో 'ఎనీమియా' (రక్తహీనత) అని ఒక్క మాట ఉంటుంది. అడిగేది మాత్రం దాదాపు ఎప్పుడూ రెండు యూనిట్లు. ఒక యూనిట్‌తో హిమోగ్లోబిన్ సుమారు 1 గ్రాము పెరుగుతుంది కాబట్టి ఒకటి ఎక్కించి, రోగిని మళ్లీ చూసి, అవసరమైతే రెండోది అడగమంటే కోపాలొస్తున్నాయి. కెనడాలో 838 మంది ఐసీయూ రోగుల మీద చేసిన ట్రిక్ అధ్యయనం 1999లోనే వచ్చింది. హిమోగ్లోబిన్ 10 లోపు రాగానే ఎక్కించినవాళ్లతో పోలిస్తే, 7 లోపు వచ్చేదాకా ఆగినవాళ్లకు అదనపు నష్టమేమీ జరగలేదు. పాతికేళ్లు దాటినా మన వార్డుల్లో ఇంకా పాత 10 లెక్కే నడుస్తోంది. మీరేమంటారు?

గోదావరి గైనిక్:
7 అనే అంకె పట్టుకుని వార్డు నడపలేం సార్. కాన్పుకొచ్చే అమ్మాయికి 7.2 ఉంటుంది. మీ లెక్కలో ఆమెకు రక్తం అక్కర్లేదు. కాన్పులో అర లీటరు పోయిందంటే ఎక్కడికొస్తుంది? ఐసీయూ బెడ్ మీద ఉన్న కెనడా రోగి, నా లేబర్ రూమ్‌లో మెలికలు తిరుగుతున్న అమ్మాయి ఒకటేనా?

కర్నూలు కుర్రోడు:
మా నాన్నకి డెంగీ. ప్లేట్‌లెట్లు 40 వేలు, ఎక్కడా రక్తం కారలేదు. అయినా ఎక్కించారు. ఎందుకంటే 'రిస్క్ ఎందుకు' అన్నారు. దాన్ని కారణం గడిలో రాస్తారా?

బ్లడ్‌బ్యాంక్ డాక్టర్:
కర్నూలు తమ్ముడూ, 2017లో లాన్సెట్‌లో వచ్చిన సింగపూర్, మలేసియా అధ్యయనం చూడు. 20 వేలు, అంతకన్నా తక్కువ ఉన్న 372 మంది డెంగీ రోగులు. ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే రక్తస్రావం తగ్గలేదు, రియాక్షన్లు మాత్రం పెరిగాయి. 40 వేల దగ్గర ఎక్కించింది రోగికి కాదు, ఇంట్లోవాళ్ల టెన్షన్‌కి.

మేడం, 7 అందరికీ అని నేననలేదు. గుండెజబ్బు ఉన్నవాళ్లకు, ఎముకల ఆపరేషన్లకు 8 దగ్గర ఆలోచించమంటారు. గుండెపోటు వచ్చినవాళ్లలో ఇంకా ఎక్కువ ఉంచడమే మేలేమో అనిపించేలా 2023లో మింట్ అధ్యయనం వచ్చింది. అంకె ఏదైనా రాయండి, ఎందుకో రాయండి అంటున్నాను.

గోదావరి గైనిక్:
చూశారా, మీరే 7 అన్నారు, మీరే 8 అన్నారు, గుండెపోటుకి ఇంకా పైన అంటున్నారు. మీకే స్థిరంగా లేని అంకె మీద నన్ను సంజాయిషీ అడుగుతారా?

బ్లడ్‌బ్యాంక్ డాక్టర్:
రోగిని బట్టి మారుతుంది కాబట్టే కారణం రాయమంటున్నాం. అందరికీ ఒకే అంకె అయితే ఫారం ఎందుకు, టెక్నీషియనే చూసి ఇచ్చేవాడు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ ఆస్పత్రిలో 2010లో ఇలాగే చేశారు. హిమోగ్లోబిన్ 8 దాటిన రోగికి కంప్యూటర్‌లో ఆర్డర్ పెడితే 'కారణం?' అని అడిగేది. డాక్టర్ కావాలనుకుంటే కారణం చెప్పి ముందుకెళ్లొచ్చు, ఆర్డర్‌ను ఆపేది కాదు. అంతకుముందు సగానికి పైగా యూనిట్లు 8 దాటినవాళ్లకే వెళ్లేవి. అది 30 శాతం లోపుకు దిగింది.

ఇంకో మాట. ఆ 7.2 అమ్మాయికి అయిదో నెలలోనే ఐరన్ సూది పడి ఉంటే మనిద్దరికీ ఈ వాదన వచ్చేది కాదు.

గోదావరి గైనిక్:
అయిదో నెలలో ఆమె నా దగ్గర లేదు. తొమ్మిదో నెలలో రిఫర్ చేశారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రాలో నూటికి 58 మందికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత, తెలంగాణలోనూ ఇంచుమించు అంతే. ఐరన్ పనిచేయడానికి వారాలు పడుతుంది. నాకున్నది ఆ రాత్రి మాత్రమే.

వరంగల్ ఆడపడుచు:
ఇద్దరు డాక్టర్లూ అంకెలు మాట్లాడుతున్నారు. మా అమ్మ సంగతి చెబుతాను. 74 ఏళ్లు, గుండె బలహీనం. నీరసమని ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో చేర్చాం. హిమోగ్లోబిన్ 8.6. సాయంత్రం ఒక బాటిల్, అది అవగానే రాత్రి ఇంకోటి. మధ్యలో ఎవరూ వచ్చి చూడలేదు. తెల్లవారేసరికి ఊపిరి ఆడలేదు, వెంటిలేటర్ అన్నారు. మళ్లీ కళ్లు తెరవలేదు. తర్వాత కేస్ షీట్ కాపీ తీసుకుంటే ఎందుకు ఎక్కించారన్న చోట 'వీక్‌నెస్' అని ఉంది. నీరసానికి మా అమ్మను పోగొట్టుకున్నాం.

గోదావరి గైనిక్:
చాలా బాధాకరం అమ్మా. మీరు చెప్పినదాన్ని బట్టి అది టాకో అంటే రక్తం ఎక్కువై గుండె మీద భారం పడటం కావచ్చు. కానీ అక్కడ తప్పు స్పీడుది. నెమ్మదిగా ఇచ్చి, మధ్యలో ఒంట్లో నీరు బయటికి పోయే సూది వేసి, చూసుకుని ఉండాల్సింది. దానికి ఫారంతో సంబంధం లేదు.

వరంగల్ ఆడపడుచు:
సంబంధం లేదా? రెండో బాటిల్ ఎందుకో రాయాల్సి వస్తే ఎవరో ఒకరు మంచం దగ్గరికి వచ్చి చూసేవారు కాదా? ఆ ఒక్కసారి వచ్చుంటే చాలు మేడం. మీరు స్పీడు గురించి పాఠం చెబుతున్నారు.

విజయవాడ వెంకన్న:
మా వాళ్లు రక్తం ఇచ్చారు, మా వాళ్లకే ఎక్కించారు. ఇందులో బ్లడ్‌బ్యాంక్ పెత్తనం ఏంటి? మా రక్తం, మా ఇష్టం.

తలసీమియా తండ్రి:
వెంకన్న గారూ, మీ వాళ్లు ఇచ్చిన రక్తం మీ సొంతం కాదండి. అది నిధిలోకి వెళ్తుంది, అందులోంచి గ్రూపు కలిసింది మీకు ఇస్తారు. నా కొడుక్కి తొమ్మిదేళ్లు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కకపోతే వాడు నడవలేడు. ఎక్కించే ముందు 9 దాటి ఉండాలి, లేకపోతే ఎముకలు దెబ్బతింటాయి, కాలేయం ఉబ్బుతుంది. వాడి విషయంలో 7 దాకా ఆగమనడం తప్పు, బ్లడ్‌బ్యాంక్ డాక్టర్ గారికి ఆ సంగతి తెలుసు.

ఎండాకాలం వస్తే కాలేజీలు మూసేస్తారు, క్యాంపులు ఉండవు. ఆ రోజుల్లో కౌంటర్ దగ్గర నిలబడి 'లేదు' అని విన్నాం, లోపల ఫ్రిజ్‌లో అదే గ్రూపు యూనిట్లు ఉన్నాయి. ఎవరి ఆపరేషన్‌కో క్రాస్ మ్యాచ్ చేసి, అంటే ఆ రోగి రక్తంతో కలుస్తుందో లేదో చూసి, పక్కన పెట్టినవి. ఆపరేషన్ అయిపోయింది, రక్తం వాడలేదు, రిలీజ్ చేయమని ఎవరూ చెప్పలేదు. అవసరం లేని రెండో బాటిల్ అంటే ఎవరి పిల్లాడిదో బాటిల్ అని మాకు తెలుసు.

గోదావరి గైనిక్:
రిజర్వ్ చేసేది నేనే. ప్రతి సిజేరియన్‌కీ రెండు. చేస్తాను. ఎందుకో చెప్పమంటారా? పీపీహెచ్, అంటే కాన్పయ్యాక విపరీతమైన రక్తస్రావం, వచ్చిన రాత్రి రక్తం పది నిమిషాలు ఆలస్యమైతే తల్లి పోతుంది. ఆ తర్వాత కలెక్టర్ గారి ఎదుట మాతృమరణ సమీక్షలో కూర్చునేది నేను. అక్కడ 'రక్తం ఎందుకు ఎక్కించలేదు' అని అడుగుతారు. 'ఎందుకు ఎక్కించారు' అని ఈ సర్వీసులో నన్నెవరూ అడగలేదు. బయట రోగి బంధువులు అద్దాలు పగలగొడితే ఆ గాజు ముక్కల మధ్య ఉండేది నేను, బ్లడ్‌బ్యాంక్ కాదు. మీ అధ్యయనాలన్నీ నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను. మీరు పెట్టే గడి నా చేతిరాతతో నాకే సాక్ష్యం అవుతుంది, అంతే.

బ్లడ్‌బ్యాంక్ డాక్టర్:
ఈ మాట మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే బాగుండేది మేడం. మనం ఇంతసేపూ 7 గురించి కొట్టుకున్నాం.

పీజీ సెకండియర్:
మాట్లాడొచ్చో లేదో తెలియదు. ఆ ఫారం రాసేది మీరిద్దరూ కాదు, పీజీ చదువుతూ వార్డులో పనిచేసే జూనియర్ డాక్టర్లం, మేము. సర్ ఫోన్‌లో 'రెండు పెట్టించు' అంటారు. ఎందుకని అడిగే ధైర్యం మాకుండదు. కారణం గడి తప్పనిసరి చేస్తే మేమే ఏదో ఒకటి నింపుతాం. 8.5 ఉన్న రోగికి 'ఆయాసం' అని రాస్తే మీరు రక్తం ఇస్తారు. రేపు ఏమైనా అయితే ఆ 'ఆయాసం' కింద ఉన్నది నా సంతకం. నిర్ణయం ఎవరిదో వాళ్ల పేరు రాయాలి. ఫోన్‌లో చెప్పారా, వచ్చి చూసి చెప్పారా అన్నది కూడా రాయాలి.

కర్నూలు కుర్రోడు:
ఈ థ్రెడ్ మొత్తంలో పనికొచ్చే మాట ఇదే.

గోదావరి గైనిక్:
పీజీ చెప్పింది ఒప్పుకుంటాను. నా నిర్ణయం కింద నా పేరే ఉండాలి. మరి బ్లడ్‌బ్యాంక్ 'ఇవ్వం' అన్నప్పుడు దాని కింద కూడా ఒక డాక్టర్ పేరు, టైము ఉంటాయా? కౌంటర్‌లో కుర్రాడు కాగితం తిప్పి పంపడం కాదు.

బ్లడ్‌బ్యాంక్ డాక్టర్:
పగలు ఉంటుంది, నేనే రాస్తాను. రాత్రి మా దగ్గర టెక్నీషియన్ ఒక్కడే. అతను ఎవరినీ ఆపకూడదు. రాత్రి అడిగింది ఇచ్చేసి, పొద్దున ఫారాలు చూసి ఆ వార్డు డాక్టర్లతో మాట్లాడతాం.

గోదావరి గైనిక్:
పొద్దున అడిగితే నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఆపడమే నాకు భయం.

వరంగల్ ఆడపడుచు:
పొద్దున అడిగితే మా అమ్మకి ఏం ఒరిగేది? ఆమెకి ఎక్కించింది రాత్రే.

బ్లడ్‌బ్యాంక్ డాక్టర్:
మీరన్నది నిజమమ్మా. అయితే ఇలా మారుస్తాను. రాత్రి మొదటి యూనిట్‌కి ఏ ప్రశ్నా ఉండదు. రక్తస్రావం లేని రోగికి రెండోది కావాలంటే, మొదటిది అయ్యాక మంచం దగ్గర చూసిన డాక్టర్ పేరు, టైము, నాడి, బీపీ, ఊపిరి రాయాలి. అది లేకుండా రెండో యూనిట్ ఫ్రిజ్ దాటదు.

గోదావరి గైనిక్:
లేబర్ రూమ్‌ని, ఎమర్జెన్సీ ఆపరేషన్ థియేటర్‌ని ఇందులోంచి తీసేస్తే సంతకం పెడతాను. సిజేరియన్ రిజర్వేషన్ మాత్రం వదలను.

తలసీమియా తండ్రి:
వదలొద్దు మేడం. ఆపరేషన్ బాగా అయిపోయాక, మర్నాడు పొద్దున్నే రిలీజ్ చేయమని ఒక్క ఫోన్ చేయించండి.