ఒలింపిక్ పతకం లేని కిమ్ యోన్-క్యుంగ్‌కు ఇంత గౌరవం ఎందుకు?

ప్రశ్న: దక్షిణ కొరియా వాలీబాల్ క్రీడాకారిణి కిమ్ యోన్-క్యుంగ్ ఒలింపిక్ పతకం గెలవలేదు. అయినా ఆమెను ప్రపంచ మేటి క్రీడాకారిణులలో ఒకరిగా ఎందుకు పరిగణిస్తారో వివరించగలరా?

మొదటి సమాధానం: 2012 లండన్ ఒలింపిక్స్‌లో కొరియా కాంస్య పతక పోరులో జపాన్ చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచినప్పటికీ, 207 పాయింట్లు సాధించిన ఆమెకే టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం దక్కింది. పతకం లేని జట్టు నుంచి ఆ గౌరవం పొందడం ఎంతటి అరుదైన విషయమో ఆలోచించండి. పైగా 192 సెంటీమీటర్ల ఎత్తున్న ఆమె స్మాష్‌లకే పరిమితం కాలేదు. ప్రత్యర్థి సర్వీసును నేర్పుగా అందుకుని, వెంటనే దాడికి సిద్ధమయ్యేది. నా దృష్టిలో ఆమె అసలు గొప్పతనం అదే.

రెండో సమాధానం: క్లబ్ ఆటనూ చూడాలి. 2005లో స్వదేశీ లీగ్‌లో అడుగుపెట్టిన ఆమె, జపాన్‌లో ఆడిన తరువాత 2011లో టర్కీ జట్టు ఫెనర్‌బాచెలో చేరి, తొలి సీజన్‌లోనే యూరప్ ఛాంపియన్స్ లీగ్ గెలవడంలో కీలక పాత్ర పోషించింది. అప్పట్లో ఆసియా క్రీడాకారిణులు యూరప్‌లో అంతగా రాణించడం చాలా అరుదు.

మూడో సమాధానం: 2025లో, 37 ఏళ్ల వయసులో, కొరియా లీగ్ టైటిల్ గెలిచాకే ఆమె విరమించిందని కూడా చేర్చాలి.