మాంత్రికుడికి ఊరి పేరు ఎట్లా తగిలించాలి?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఫాంటసీ నవల రాస్తున్నా. విలన్‌కు 'పెన్నేటి లోయ యొక్క నల్ల ప్రభువు' అని బిరుదు పెట్టినా. మా అవ్వకు చదివి వినిపిస్తే "ఎవుర్రా వాడు, ఇసుక ట్రాక్టర్ల ఓనరా?" అనింది. ఊరి పేరు ఉండాలి, వింటే భయం పుట్టాలి. ఎట్లా?

జవాబు: ఆ 'యొక్క' తీసేయ్ అన్నా, సగం రోగం పోతుంది. మనకు ఊరు ముందు, మనిషి వెనక. 'గండికోట మాంత్రికుడు' చాలు.

జవాబు: ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ల శాసనం చూడండి, క్రీ.శ. 575 ప్రాంతానిది. చోళరాజు ధనంజయుడు రేనాడు (మన కడప చుట్టుపక్కల సీమ) ఏలుతుండగా అని ఉంటుంది, అంతే. తర్వాతి తెలుగు చోళులైతే 'ఒరయూరు పురవరాధీశ్వర', అంటే ఒరయూరు మహాపట్నానికి ప్రభువు, అని రాయించుకున్నారు. ఒరయూరు ఎక్కడో కావేరి ఒడ్డున, వీళ్ళేమో ఇక్కడ! మీ వాడికీ చేజారిన ఊరి పేరే పెట్టండి. ఎందుకు చేజారిందో చెప్తే కథ నడుస్తుంది.

జవాబు: నిజం ఊరైతే జాగ్రత్త. నేను 'బెలుం రాక్షసి' అని రాసినా. మా వదినది ఆ ఊరే. రెండు నెలలు కాఫీ ఇయ్యలే.

ప్రశ్న అడిగినవారు: 'రేనాటి మాంత్రికుడు' అని మార్చినా. అవ్వ ఈసారి నవ్వలే. "వానికి పెండ్లయిందా?" అని అడిగింది.