ఉచిత న్యాయ సహాయం: విశాఖలో మీ అనుభవాలు చెప్పండి

కంచరపాలెం వాసి:
మా వీధిలో ఇళ్లలో పనిచేసే ఒకావిడను భర్త వదిలేసి హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఇద్దరు పిల్లలు. భరణం కేసు వేయాలంటే లాయరు ఫీజుకు డబ్బు లేదు. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉందని చెప్పాను. ఊరికే వచ్చే లాయరు మనసు పెట్టి వాదిస్తాడా అని ఆవిడ భయం. అక్కడికి వెళ్లినవారు చెప్పండి.

మాజీ పారా లీగల్ వాలంటీర్:
తప్పకుండా పంపండి. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఇచ్చిన హక్కు. అందులోని సెక్షన్ 12 ప్రకారం స్త్రీలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయ పరిమితితో పని లేదు. లాయరు ఫీజు, కోర్టు ఖర్చులు సంస్థే భరిస్తుంది. రాయడం రాకపోతే నోటితో చెప్పినా సిబ్బంది రాసుకుంటారు.

పెందుర్తి మాస్టారు:
మా పక్కింటాయనకు ఇచ్చిన లాయరు వాయిదాలకు సరిగా రాలేదండీ. ఆయన విసిగిపోయి కేసే వదిలేశారు. ఆవిడ భయంలో అర్థం ఉంది.

మాజీ పారా లీగల్ వాలంటీర్:
మాస్టారూ, అలాంటివి జరుగుతాయి, కాదనను. కానీ వదిలేయకూడదు. సంస్థ కార్యదర్శికి అర్జీ ఇచ్చి లాయరును మార్చమని అడగవచ్చు. సంస్థకు అధ్యక్షులు జిల్లా జడ్జి గారే. పేదవాళ్లు అడగరు అన్న ధీమా మీదే ఆ నిర్లక్ష్యం బతుకుతోంది.

హార్బరు కుర్రాడు:
మా నాన్నను లారీ గుద్దినప్పుడు ఒకాయన ఇంటికి వచ్చి కొంత డబ్బు చూపించి, ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేయమన్నాడు. అమ్మ ఆ కాగితం పట్టుకుని న్యాయ సేవా శిబిరానికి వెళ్లింది. అక్కడి లాయరమ్మ పేజీలు తిప్పి, చివరి పేజీలో ఒక వాక్యం మీద వేలు పెట్టి తెలుగులో చదివి వినిపించారు: ఇక మీదట ఎలాంటి పరిహారమూ కోరబోము అని. అమ్మ వేలిముద్ర వేయలేదు. ఆ కాగితం చదివి చెప్పే మనిషే లేకపోతే మా గతి ఏమయ్యేదో! డబ్బున్నవాళ్లకు ఆ మనిషి ఎప్పుడూ పక్కనే ఉంటాడు.

సబ్బవరం లా విద్యార్థిని:
లోక్ అదాలత్‌లో రాజీ పడేవారికీ ఇదే మాట. అక్కడి అవార్డు, అంటే రాజీ మీద ఇచ్చే తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. పెండింగ్ కేసు రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, నిజమే. అయినా సంతకానికి ముందు ప్రతి షరతూ చదివించుకోండి. తొందరపెడితే ఒప్పుకోనవసరం లేదు.

కంచరపాలెం వాసి:
ధన్యవాదాలు. భర్త హైదరాబాద్‌లో ఉన్నాడు కదా, ఆవిడ అక్కడికి తిరగాలా?

సబ్బవరం లా విద్యార్థిని:
అక్కర్లేదండీ. భార్య నివసించే చోటే భరణం కేసు వేయవచ్చు. ఇప్పుడది పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 144 కిందకు వస్తుంది. తీర్పు వచ్చేలోపు మధ్యంతర భరణం కూడా అడగమనండి. ఆధార్, పెళ్లి ఫొటో, పిల్లల జనన ధ్రువపత్రాలు, భర్త ఎక్కడ పని చేస్తున్నాడో తెలిపే కాగితం ఏదైనా ఉంటే తీసుకెళ్లాలి. వెళ్లేముందు న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసి మాట్లాడవచ్చు.