ప్రభుత్వ బడుల్లో ఫుల్‌టైమ్ నర్సు తప్పనిసరి చేయాలా?

ప్రశ్న:
మా బాబుకి తొమ్మిదేళ్లు, టైప్ 1 డయాబెటిస్. ప్రభుత్వ బడిలో చదువుతున్నాడు. మధ్యాహ్నం భోజనానికి ముందు షుగర్ చూసి, వాడు తినబోయేదాన్ని బట్టి లెక్కేసి ఇన్సులిన్ ఇవ్వాలి. టీచర్‌ని అడిగితే భయపడ్డారు, ఆవిడ తప్పేం లేదు, డోసు ఎక్కువైతే పిల్లాడి ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఉద్యోగం మానేసి రోజూ నేనే వెళ్తున్నాను. ప్రతి ప్రభుత్వ బడిలో రోజంతా నర్సు ఉండాలని రూల్ పెట్టమంటే, వారానికోసారి వచ్చి చూసిపోతే చాలదా అంటున్నారు. మీరేమంటారు?

జవాబు 1:
నేను టీచర్ని, ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ కూడా తీసుకున్నాను. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, 5 నిమిషాలు దాటితే అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి, ఇంతవరకు ఎవరైనా నేర్చుకోవచ్చు. కానీ కడుపునొప్పి అని ఏడుస్తూ వచ్చిన పాపకి అది పరీక్ష టెన్షనా, అపెండిసైటిసా, లేక ఇంట్లో ఏదైనా జరుగుతోందా అన్నది నేనెలా తేల్చగలను? క్లాసు వదిలి కూర్చునే వీలు కూడా ఉండదు. నర్సు కావాలి అంతే.

జవాబు 2:
మీ బాధ అర్థమైందండీ, కానీ డబ్బు కేటాయించకుండా రూల్ ఒక్కటే పెడితే పోస్టులు కాగితం మీదే ఉంటాయి. అరవైమంది పిల్లలున్న బడికీ వెయ్యిమంది ఉన్న బడికీ ఒకే లెక్కా? చిన్న బడులు మూడింటికి కలిపి ఒకరిని పెడితే నయం.

జవాబు 3:
నేను నర్సుని. న్యూయార్క్‌లో 1902లో లీనా రోజర్స్ అనే నర్సుని ప్రయోగంగా నాలుగు బడులకి కలిపే పెట్టారు. కళ్ల జబ్బులు, పేలు ఉన్నాయని ఇంటికి పంపేసిన పిల్లలకి వైద్యం చేసి, వాళ్ల ఇళ్లకి కూడా వెళ్లి మళ్లీ బడికి రప్పించింది. అది చూసి ఇంకా నర్సుల్ని తీసుకున్నారు. కాబట్టి పంచుకున్నా మేలే, కాదనను. కానీ తీవ్రమైన ఎలర్జీతో గొంతు మూసుకుపోతున్న పిల్లకి ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ నిమిషాల్లో పడాలి, నేను పక్క బడిలో ఉంటే ఏం లాభం? అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఒకప్పుడు 750 మందికి ఒకరు అనేది, 2016లో దాన్ని బడికి కనీసం ఒకరుగా మార్చింది.

మేడమ్, నర్సు వచ్చేలోగా బాబు డాక్టర్‌తో ఒక ప్లాన్ రాయించి బడిలో ఇవ్వండి. షుగర్ 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్, 15 నిమిషాలాగి మళ్లీ పరీక్ష, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే అంబులెన్స్.

ప్రశ్న అడిగినవారు:
రేపే రాయిస్తానండీ. ఇన్సులిన్‌కి మాత్రం నేను వెళ్లక తప్పదు.