అమెరికా కాంగ్రెసులో రాజీ ఎందుకు సన్నగిల్లింది?

ఈ విషయం తెలిసినవారి సహాయం కోరుతున్నాను. 1964లో పౌరహక్కుల బిల్లుకు దక్షిణాది డెమొక్రాట్లు సుదీర్ఘ ప్రసంగాలతో వేసిన అడ్డును సెనేట్ 71–29 ఓట్లతో తొలగించింది. ఆ 71లో 27 రిపబ్లికన్లవే. 1983లో రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్, డెమొక్రాట్ అయిన ప్రతినిధుల సభ స్పీకర్ టిప్ ఓనీల్ రాజకీయంగా ఉప్పూనిప్పూ అయినా, ఒకరు పన్నుల పెంపునకు, మరొకరు పూర్తి పింఛను వయసును 67కు పెంచడానికి తలొగ్గి ప్రభుత్వ పింఛను పథకమైన సోషల్ సెక్యూరిటీని గట్టెక్కించారు. అదే 2010 ఆరోగ్య బీమా చట్టానికి తుది ఓటింగులో ఒక్క రిపబ్లికన్ ఓటూ, 2017 పన్నుల చట్టానికి ఒక్క డెమొక్రాట్ ఓటూ పడలేదు.

సభ్యులు ప్రైమరీలకు (పార్టీ అభ్యర్థిని ఎంపిక చేసే ముందస్తు ఎన్నికలకు) జడిసి బిగుసుకుపోతున్నారన్న వివరణ నాకు సగమే అనిపిస్తుంది, ప్రైమరీలు 1983లోనూ ఉన్నాయి కదా. దక్షిణాది సంప్రదాయవాద డెమొక్రాట్లు, ఈశాన్యపు ఉదారవాద రిపబ్లికన్లు కనుమరుగవడమే అసలు కారణమా, లేక 1994 తర్వాత సభల్లో ఆధిక్యం తరచూ చేతులు మారుతుండడంతో, సహకరించడం కన్నా వచ్చే ఎన్నికల దాకా వేచి ఉండడమే లాభమని ప్రతిపక్షం లెక్కవేసుకుంటోందా? ఈ రెంటినీ విడదీసి పరిశీలించే మార్గం ఉంటే దయచేసి వివరించగలరు.